పక్క తలుపు

"పాల క్యాన్లు తర్వాత తోముకోవచ్చు. ముందు నువ్విటు రా. నువ్వొస్తే గానీ ఇది కదిలేలా లేదు."

కొట్టం అవతలి నుంచి భర్త వేసిన కేక అది. ఆమె చేతులకి మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది. రెండు క్యాన్లయ్యాయి, ఇంకా మూడున్నాయి. మూడో క్యాను మూత అంచున మీగడ ఎండి పట్టుకుపోయి, గోరుతో గీకితే తప్ప రానంటోంది. తెల్లారకముందు లేచిన మనిషి ఇంతవరకూ కూర్చోలేదు, కూర్చోలేదన్న సంగతి ఆమెకి కూడా గుర్తులేదు. చేతులు కడుక్కుంది. తుడుచుకోవడానికి ఏదీ కనబడక భుజం మీది పాత శాలువాకే తుడుచుకుని బయల్దేరింది.

ముందు వాకిట్లో జీపు, దాని వెనక తగిలించిన పశువుల ట్రైలర్ ఉన్నాయి. నాలుగు వైపులా ఇనుప రేకులు, పైన గాలికి కమ్మీలు. వెనక తలుపు గడియ తీసి కిందికి దించితే అదే నేలకి ఆని వాలు పలక అవుతుంది, పశువు దానిమీద నడిచి లోపలికెక్కాలి. ముందువైపు, ఎడమ పక్కన, మనిషి వంగి దూరేటంత చిన్న తలుపు ఇంకొకటి ఉంటుంది. లోపల పశువుని కట్టేసిన మనిషి బయటపడటానికి పెట్టిన తలుపు అది.

వాలు పలక ముందు వాళ్ళ పెయ్య పేచీ నాలుగు కాళ్ళూ నేలలో పాతుకున్నట్టు నిలబడి ఉంది. భర్త పలుపు పట్టుకుని ముందుకి లాగుతున్నాడు. బావగారు వెనక నిలబడి తోక మెలిపెడుతున్నాడు. జీపు డ్రైవరు, నెరిసిన మీసాల పెద్దాయన, తలపాగా తీసి విసురుకుంటూ పక్కన నిలబడ్డాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు ఎవరూ అడగని సలహాలు ఇస్తోంది.

"గంటయింది తల్లీ," అన్నాడు డ్రైవరు. "తల ప్రాణం తోకకొచ్చింది, దానిది కాదు, మాది."

పేచీకి రెండేళ్ళు. అది పుట్టిన మూడో రోజు దాని తల్లి చచ్చిపోయింది. ఆ దూడ బతకదని తేల్చేసి, మిగిలిన వాటి సంగతి చూడమన్నారు ఇంట్లో మగవాళ్ళు. ఆమె తన రెండు వేళ్ళు పాలలో ముంచి దాని నోట్లో పెట్టి, అది వేళ్ళు చీకుతుంటే మెల్లగా గిన్నెలోకి దించి, అలా ముప్ఫై రోజులు పాలు పట్టింది. సీసా ఇస్తే తల తిప్పేసేది, గిన్నె పెడితే తన్నేసేది. ప్రతిదానికీ పేచీయే. ఆ పేరు ఆమె పెట్టిందే.

ఇప్పుడది వెళ్తున్నది కసాయి దగ్గరికేం కాదు. జీపులో రెండు గంటల దూరంలో పెద్ద డెయిరీ ఫారం ఉంది, మంచి జాతి పెయ్యల్ని ఏరి తీసుకుంటారు. పదిహేను రోజుల కిందట ఆ ఫారం డాక్టరమ్మ వచ్చి కొట్టమంతా తిరిగి చూసింది. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. దూడల్ని ఒక్కొక్కదాన్నీ నోరు తెరిచి, కళ్ళు లాగి, బొడ్డు తడిమి చూసి, "ఒక్కదానికీ విరేచనాల జాడ లేదే! ఎవరు పెంచారు వీటిని?" అంది.

"మేమేనండీ," అన్నాడు భర్త.

అప్పుడు పేచీ వచ్చి, తవుడు బుట్టతో వెనక నిలబడ్డ ఆమె చేతిలో మూతి పెట్టి వేళ్ళు వెతుక్కుంది. డాక్టరమ్మ ఆ వేళ్ళ వంక చూసింది, భర్త వంక చూసింది, తర్వాత ఆమెతోనే మాట్లాడింది. "మా దూడల దొడ్డిలో మనిషి కావాలండీ. చదువుకున్నవాళ్ళొస్తున్నారు గానీ దూడని ముట్టుకోవడం రావటం లేదు. జీతం ఉంటుంది, ఉండటానికి గది ఉంటుంది. మీరు వస్తానంటే నెలాఖరు దాకా ఎవర్నీ తీసుకోను."

ఆమె నోరు తెరవకముందే భర్త పగలబడి నవ్వాడు. "ఇదా? సంతకి పోతే తిరిగి రావడానికి దారి అడుగుతుందండీ ఇది!" డాక్టరమ్మ నవ్వలేదు. ఒక మందు చీటీ వెనక నంబరు రాసి ఆమెకిచ్చింది. ఆ చీటీని ఆమె తవుడు డబ్బా మూత లోపలి వైపు అంటించింది. ఆ ఇంట్లో ఆ డబ్బా మూత తీసే చెయ్యి మరొకటి లేదు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో కొత్త పేరొకటి పుట్టింది. "ఉద్యోగస్తురాలా, నా కాఫీ ఏదీ?" "ఉద్యోగస్తురాలు ఇవాళ పప్పులో ఉప్పు మరిచింది. జీతం కోసి పారేద్దామా?" బావగారొస్తే ఆయన ముందూ అదే, పాల వ్యాను వాడొస్తే వాడి ముందూ అదే. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "జోకు కూడా పడదేం నీకు" అంటాడు. అతను చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. కొట్టడు, తాగడు. "చెయ్యెత్తని మొగుడు దొరికాడు, పెట్టి పుట్టావు" అని ఇరవై ఏళ్ళుగా అందరూ ఆమెకి గుర్తు చేస్తూనే ఉన్నారు. చెయ్యి ఎత్తకపోవడం కూడా ఒక ఉపకారమేనా అని ఆమె ఎవరినీ అడగలేదు.

"చూస్తూ నిలబడ్డావేం? ఎక్కించు," అన్నాడిప్పుడు భర్త, పలుపు ఆమె చేతిలో పెడుతూ.

ఈ ఇంట్లో పశువుని బండి ఎక్కించే పద్ధతి ఒకటుంది. ఆమె ముందు నడుస్తుంది. ఆమె శాలువా వాసన పట్టుకుని పశువు వెనకే వచ్చేస్తుంది. లోపల కమ్మీకి పలుపు కట్టి, మెడ కింద నిమిరి, "ఉండు, వస్తా" అని చెప్పి పక్క తలుపులోంచి దిగిపోతుంది. ఆమె కాలు నేల మీద పడగానే ఎవరో ఒకరు వెనక తలుపు ఎత్తి గడియ వేస్తారు. అయిపోయింది. "మా ఆవిడ మంత్రం వేస్తుంది" అని భర్త వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. అందులో మంత్రమేమీ లేదని ఆమెకి తెలుసు. ఆ పశువుకి ఆమె మీదున్న నమ్మకాన్ని ఇంటివాళ్ళు వాడుకుంటారు, అంతే. ముసలిదైపోయిన ఆవునైనా, పాలు తగ్గినదాన్నైనా, ఆమె చేతుల మీదుగా పుట్టి ఆమె చేతుల్లో పెరిగినదాన్నైనా ఇరవై ఏళ్ళుగా ఆమే ఎక్కించింది, ఆమే దిగిపోయింది. కూతురికి ఆరేళ్ళప్పుడు ఒకసారి, బండి వెళ్ళిపోతుంటే పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నువ్వింకా లోపలే ఉన్నావనుకుంటోందే అది. ఆ చిన్న తలుపుకేసే చూస్తోంది" అంది. "పిచ్చి మొహమా, పశువులకి అంత తెలీదు" అని కసిరింది ఆమె. పశువులకి ఎంత తెలుసో ఆ ఇంట్లో ఆమె కంటే ఎరిగినవాళ్ళు లేరు. ఆ కసురుడు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె పలుపు పట్టుకుని వాలు పలక ఎక్కింది. పేచీ కదిలింది. ముందు కాళ్ళు పెట్టింది, వెనక కాళ్ళు పెట్టింది. "చూశారా!" అన్నాడు భర్త. లోపలికొచ్చాక ఆమె కమ్మీకి ముడి వెయ్యబోతూ అలవాటు చొప్పున పక్క తలుపు వైపు ఒక్క అడుగు వేసింది.

పేచీ ఆ అడుగుని చూసింది. కిందటేడు దాని పక్క గుంజకి కట్టేసే పెద్దావుని పంపించినప్పుడు ఇది కొట్టంలో నిలబడి అంతా చూసింది. ఆమె లోపలికి వెళ్ళడం, పక్కనుంచి రావడం, పెద్దావు మాత్రం రాకపోవడం. ముడి బిగియకముందే అది వెనక్కి తన్నుకుంది. ఇనుప పలక మీద గిట్టలు జారాయి, ముందు మోకాళ్ళ మీద పడింది, లేచింది, బావగారిని ఒక పక్కకి తోసేసి కొట్టంలోకి పరుగెత్తి తన గుంజ పక్కన నిలబడి వణికింది. మోకాలి మీద చర్మం చెక్కుకుపోయి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది.

"నీ పెంపకమే కదా, నీ మొండితనమే వచ్చింది దానికి," అన్నాడు భర్త. మోచెయ్యి దులుపుకుంటూ బావగారు, "రెండు తగిలిస్తే అదే ఎక్కుతుంది. ఆ కర్ర ఇటు అందుకో," అన్నాడు.

"కర్ర వద్దు."

అంతా తిరిగి చూశారు. ఆ మాట అన్నది తనేనని ఆమెకి కూడా ఒక్క క్షణం ఆలస్యంగానే తెలిసింది. నోట్లో నాలుక లేని మనిషని పేరు పడ్డాక, నాలుక ఉందని రుజువు చెయ్యడం అంత తేలికేమీ కాదు. అయినా ఆపలేదు. "బండి ఇక్కడే వదిలెయ్యండి, మూడు రోజులు. దాని మేత అందులోనే పెడతాను. అదే ఎక్కుతుంది."

"మూడు రోజులా! పల్లకీ కూడా తెప్పించమంటావా?"

ఆమె పక్షాన మాట్లాడింది డ్రైవరు. "అమ్మ చెప్పింది నిజమేనండీ. డాక్టరమ్మ కూడా నాతో అదే అంది. కొట్టి ఎక్కించిన పెయ్య, మోకాళ్ళు చెక్కుకున్న పెయ్య తీసుకొస్తే అట్నుంచటే తిప్పి పంపించేస్తుంది. నేను జీపు తీసుకుపోతాను, బండి ఉంచండి. ఎల్లుండి పొద్దున్నే వస్తాను." తిప్పి పంపడం అన్న మాట పనిచేసింది. భర్త "ఏడవండి," అని లోపలికెళ్ళిపోయాడు.

ఆమె పేచీ మోకాలికి పసుపు అద్ది, మిగిలిన మూడు క్యాన్లూ తోమింది.

మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టింది. ముందు ట్రైలరంతా కడిగింది. ఇనుప పలక మీద మందంగా గడ్డి పరిచింది, గిట్ట పెడితే చప్పుడు కాకుండా. గాలికి గలగలమనే గొలుసుకి గుడ్డ పీలిక చుట్టింది. ఆ తర్వాత పక్క తలుపు మూసి, గడియ పెట్టి, గడియకి తాడుతో రెండు ముళ్ళు కూడా వేసింది. తవుడు, పచ్చిగడ్డి బుట్ట పలక మొదట్లో పెట్టి పేచీని విప్పి వదిలి, తను వెళ్ళి బండి లోపలి చివర గడ్డిమీద కూర్చుంది.

అది రాలేదు. దూరంగా నిలబడి బుట్టనీ, ఆమెనీ, మూసిన తలుపునీ మార్చి మార్చి చూసింది. ఆమె పిలవలేదు. పిలిస్తే వస్తుందని తెలుసు, అందుకే పిలవలేదు. వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఊరికే కూర్చుంది. పగటి పూట, వెలుతురులో, చేతిలో ఏ పనీ లేకుండా ఆమె ఇలా కూర్చోవడం ఈ ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి. ఎవరైనా వచ్చి "ఏం చేస్తున్నావ్" అంటే "పెయ్యని అలవాటు చేస్తున్నా" అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఊరికే కూర్చోవడానికి కూడా తనకొక పశువు సాకు కావాల్సి వచ్చిందని తట్టి ఆమెకి మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు. ఒకసారి జనాభా లెక్కల వాళ్ళొచ్చి ఆమె ఏం చేస్తుందని అడిగితే, భర్త వాకిట్లోనే నిలబడి, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఆమె అప్పుడు కొట్టంలో అడ్డం తిరిగిన దూడని చేత్తో సరిచేస్తోంది. భుజం దాకా చెయ్యి ఆవు లోపల ఉంది. ఆ మాట స్పష్టంగా వినపడింది. దూడ బతికింది, ఆవూ బతికింది. మర్నాడు భర్త పాల వ్యాను వాడితో, "నిన్న గండం గడిచింది, ఎలాగో ఈనించాం" అని చెప్పాడు. అప్పుడు ఆమెకి ఒళ్ళు మండి ఉండాలి. మండలేదు. పద్ధెనిమిదేళ్ళ తర్వాత, ఖాళీ బండిలో కూర్చున్నాక, ఇప్పుడు మండింది.

సాయంత్రానికి పేచీ పలక అంచు దాకా వచ్చి, మెడ చాపగలిగినంత చాపి, అందినంత గడ్డి తిని వెళ్ళింది.

రెండో రోజు ఆమె బుట్టని రెండడుగులు లోపలికి జరిపింది. ఆ బుట్ట అడుగున, గడ్డి కింద, దువ్వెన ఉంది.

ఎందుకు పెట్టిందో ఆమెకే తెలీదు. పొద్దున తల దువ్వుకుని దాన్ని గూట్లో పెట్టబోయింది. చెయ్యి గూటి దాకా వెళ్ళి తిరిగొచ్చి బుట్టలో పెట్టింది, అంతే. బండి ముందు మూలన పనిముట్లకి ఒక రేకు పెట్టె ఉంది, ఖాళీది. దువ్వెన అందులో పెట్టి మూతేసింది.

ఆ దువ్వెన పిన్నిది. అమ్మ పోయాక ఆమెని పెంచింది పిన్నే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పుడు తోడుగా పిన్ని వచ్చింది. "ఆదివారం దాకా ఉంటాను, నువ్వు అలవాటు పడ్డాకే వెళ్తాను" అని ఒట్టు కూడా పెట్టింది. మూడో రోజు పొద్దున, "తలంటుకుని రా తల్లీ, నేను జడ వేస్తాను" అంది. ఆమె తలంటుకుని తడి జుట్టుతో వచ్చేసరికి కిటికీలో దువ్వెన ఉంది, పిన్ని లేదు. పెరటి వైపు నుంచి వెళ్ళిపోయింది. చెప్పి వెళ్తే ఏడుస్తుందని. ఆమె ఆ పూట ఏడవలేదు. జుట్టు ఆరిపోయేదాకా కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత అత్తగారు పిలిచి పాల చెంబు చేతికిచ్చింది. పిన్ని మీద ఆమెకి కోపం లేదు. పిన్ని కూడా ఎవరో పంపితే వచ్చిందే, ఎవరో రమ్మంటే వెళ్ళిందే. కానీ ఆ తర్వాత "ఉండు, వస్తా" అన్న మాటని తను ఎన్ని పశువులకి చెప్పింది! ఆ మాట చెప్పిన ప్రతిసారీ పెరటి తలుపులోంచి జారిపోతున్నది తనే. తడి జుట్టుతో నిలబడిందీ తనే. ఇన్నేళ్ళూ ఈ రెండింటినీ కలిపి చూడకుండా ఎలా ఉండగలిగిందో ఆమెకి అర్థం కాలేదు. గడ్డి మీద కూర్చుని ముఖం శాలువాలో దాచుకుని ఏడ్చింది.

ఏడుపు ఆగి తలెత్తేసరికి పేచీ ముందు కాళ్ళు రెండూ పలక మీద ఉన్నాయి. బుట్టలో మూతి పెట్టి తింటోంది. తింటూ ఒక కన్ను ఆమె మీదే వేసి ఉంచింది.

మధ్యాహ్నం బుట్ట అడుగున పదో తరగతి సర్టిఫికెట్ వెళ్ళింది. ఆ తర్వాత రెండు జతల బట్టలు, కళ్ళజోడు, కూతురు మొదటి జీతంతో కొనిచ్చిన చెప్పులు. కూతురు ఇప్పుడు దూరాన వేరే చోట ఉద్యోగంలో ఉంది, వారానికోసారి ఫోన్ చేస్తుంది. దానికి చెప్పాలనుకుంది, చెప్పలేదు. చెబితే సంతోషిస్తుంది, "వెళ్ళమ్మా, వెళ్ళు" అని వెంటపడుతుంది. అదీ ఒక తోపుడే. ఎవరో తోస్తే ఎక్కడం, ఎవరో లాగితే దిగడం ఆమెకిక ఇష్టం లేదు. పేచీకి మూడు రోజులిచ్చి తనకి మూడు రోజులు ఇచ్చుకోకపోతే ఎలా? ఇదంతా బుట్టతోనే జరిగింది, పట్టపగలు, అందరి కళ్ళ ముందూ. భర్త వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. "ఇంకా ఎన్ని బుట్టలు మోస్తావు దానికి, ఉద్యోగస్తురాలా?" అన్నాడొకసారి. బుట్టలో ఏముందని మాత్రం అతను అడగలేదు. ఆ బుట్టలో గడ్డి తప్ప ఇంకోటి ఉంటుందని అతనికి తట్టే అవకాశమే లేదు.

సాయంత్రం పాలు పిండటానికి ముందు తవుడు డబ్బా మూత తీసి, ఆ నంబరుకి ఫోన్ చేసింది. రెండే మాటలు మాట్లాడింది. అవతల డాక్టరమ్మ కూడా రెండే మాటలు మాట్లాడింది. ఆ రెండింటిలో ఒకటి, "గది ఊడ్పించి ఉంచుతాను."

రాత్రి వంట ముగించి గిన్నెలు సర్దుతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆవిడకి ఒక పూట నడుము నొప్పి ఉంటుంది గానీ నోటికి మాత్రం ఏ పూటా నొప్పి ఉండదు. ఇవాళెందుకో గొంతు తగ్గించింది.

"గూట్లో నీ దువ్వెన కనబట్టం లేదు," అంది.

ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహంలో అంతా కనబడిపోతుంది. ఒక్క మాట, ఒక్క కేక చాలు, ముందు గదిలోంచి ఆవిడ కొడుకు వచ్చేస్తాడు. పేచీకి ఇంకా వెనక కాళ్ళు మిగిలే ఉన్నాయి. తనకీ అంతే.

అత్తగారు గుమ్మానికి చెయ్యి ఆన్చింది. "నా బి.పి. మాత్రలు ఏ డబ్బాలో పెడతావో, ఏది పొద్దున, ఏది సాయంత్రమో, ఒకసారి నాకూ చూపించమ్మాయ్. ఎప్పుడూ నువ్వు చేతిలో పెడితే వేసుకోవడమేగా, నాకు తెలీదు."

ఆమె చూపించింది. పొద్దున వేసుకునేది తెల్లది, సాయంత్రం వేసుకునేది పసుపుది. అత్తగారు రెండు మాత్రల్నీ అరచేతిలో పెట్టుకుని, కళ్ళు చికిలించి, చాలా శ్రద్ధగా చూసింది. ఇరవై ఏళ్ళలో ఆ ముసలావిడ తనకి చేసిన మేలు ఇదొక్కటే కావచ్చు, కానీ చిన్న మేలు కాదు. కొడుక్కి చెప్పకపోవడానికి ఆవిడ ఎంత మింగి ఉంటుందో ఆమె ఊహించగలదు.

మూడో రోజు పొద్దున డ్రైవరు వచ్చి ట్రైలర్ని జీపుకి తగిలించాడు. బావగారు కర్రతో సహా వచ్చాడు, అవసరం పడొచ్చని. ఆమె బుట్టని బండి లోపలి చివర పెట్టి, పేచీని విప్పి, పలక పక్కన నేలమీదే నిలబడింది. పలుపు చేతిలో పట్టుకోలేదు.

"ముందు నువ్వెక్కాలిగా," అన్నాడు భర్త.

"అక్కర్లేదు."

పేచీ పలక దగ్గరికొచ్చి ఆగింది. గాలి వాసన చూసింది. మూసి, ముళ్ళు వేసి ఉన్న పక్క తలుపు వైపు చూసింది. తర్వాత ఆమె వైపు చూసింది. ఆమె శాలువా తీసి దాని మెడ మీదుగా వేసింది, అంతే. ఒక కాలు, రెండో కాలు, కాస్త ఆగి మూడోది. నాలుగోది పెట్టడానికి అది తీసుకున్నంత సేపు వాకిట్లో ఎవరూ దగ్గలేదు. పెట్టింది. తిన్నగా నడిచి వెళ్ళి బుట్టలో మూతి పెట్టింది. ఆమె లోపలికి వెళ్ళి పలుపు కమ్మీకి కట్టింది. "ఉండు, వస్తా" అనలేదు. మెడ నిమిరి, ఎక్కిన దారినే, పేచీ చూస్తుండగా, వెనక తలుపులోంచే దిగింది.

డ్రైవరు పలక ఎత్తి గడియ వేశాడు. "నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత మర్యాదగా ఎక్కిన పశువుని చూళ్ళేదమ్మా!"

"మాదంటే అంతేగా మరి," అన్నాడు భర్త, మీసం సవరించుకుంటూ. "బుద్ధి చెబితే వింటుంది."

ఆమె నడిచి ముందుకెళ్ళి జీపు తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వెక్కడికి? దింపి రావడానికి డ్రైవరున్నాడుగా," అన్నాడు భర్త.

"దింపి రావడానికి కాదండీ. డాక్టరమ్మతో నిన్న మాట్లాడాను. దూడల దొడ్డిలో పనికి వెళ్తున్నాను, ఇవాళ్టి నుంచే."

బావగారు కర్రని ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చుకున్నాడు. వరండాలో అత్తగారు తన అరచేయి చూసుకుంటూ కూర్చుంది. ఇంజిన్ అప్పటికే స్టార్ట్ చేసిన డ్రైవరు దాన్ని ఆపాలో వద్దో తెలియక స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తున్నాడు.

భర్త జీపు వైపు రెండడుగులు వేశాడు. ఆమె ఎదురుచూసింది. ఈ ఒక్క నిమిషం గురించే మూడు రోజులుగా ఆమెకి భయం. అరుస్తాడనుకుంది, అరిస్తే తట్టుకోగలదు. నవ్వుతాడనుకుంది, దానికీ సిద్ధపడే ఉంది. "వెళ్ళకు" అంటాడేమోనని, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి, పశువుల కోసం కాకుండా తన కోసమే "వెళ్ళకు" అంటాడేమోనని మాత్రం ఆమె గుండె దడదడలాడింది. అంటే దిగిపోతానేమోనని కూడా అనుకుంది.

అతను కొట్టం వైపు చూశాడు. తోమి బోర్లించిన క్యాన్ల వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, నిజంగానే ఏం తోచని మొహంతో అడిగాడు.

"మరి సాయంత్రం పాలెవరు పిండుతారు?"

ఆమె గుండె నెమ్మదించింది. జీపు తలుపు దగ్గరికి లాక్కుని, గట్టిగా వేసుకుని, కిటికీలోంచి చాలా శాంతంగా చెప్పింది.

"నాలుగున్నరకి. ముందు కుంటిదాన్ని పిండండి, దానికి ఓపిక తక్కువ."